బెట్టను తట్టుకునే మెట్ట వరి: రకం పేరు కంటే ముందు ఈనే వేళ చూడండి

విజయనగరం వైపు నీటి వసతి లేని రెండు ఎకరాల ఎర్ర నేల ఉందని, వర్షం మీదే వరి వేస్తామని, బెట్టను, అంటే వాన లేని ఎద్దడిని తట్టుకునే రకం ఒకటి చెప్పమని అడిగారు. మాదీ అలాంటి భూమే. పొడి దుక్కిలో విత్తి పండించేవాళ్లం కాబట్టి మా చేలో చూసిందే చెబుతాను.

ముందు ఒక లెక్క వేసుకోండి. వరి ఎన్ని రోజుల పంటైనా కోతకు సుమారు నెల ముందు ఈనుతుంది, అంటే కంకి బయటికి వస్తుంది. జూన్ 20 ప్రాంతంలో విత్తితే 105 రోజుల రకం సెప్టెంబరు మొదటి వారంలో, 120 రోజులది అదే నెల మూడో వారంలో, 150 రోజుల సాంబ మసూరి అక్టోబరు మూడో వారంలో ఈనుతాయి. మీ ఊరిలో వాన ఏ వారాల్లో ముఖం చాటేస్తుందో మీకే బాగా తెలుసు. చిరుపొట్ట (కాండం లోపల కంకి మొదలయ్యే దశ) నుంచి ఈనిక వరకు ఉండే రోజులు ఆ వారాల్లో పడకుండా చూసుకోవాలి. పిలకల దశలో వాడిపోయిన పైరు ఒక మంచి వాన పడితే తేరుకుంటుంది. ఈనేటప్పుడు తడి లేకపోతే పోయిన గింజ మళ్లీ రాదు.

మా ఎగువ మడిలో ఒక ఏడాది సరిగ్గా అప్పుడే వాన ఆగిపోయింది. కంకి సగమే బయటికి వచ్చింది, మిగతా సగం పోటాకు (కంకి కింద వచ్చే చివరి ఆకు) తొడిమలోనే ఇరుక్కుపోయింది. వచ్చిన సగం తెల్లగా, నిటారుగా నిలబడింది. చేత్తో నలిపితే అన్నీ తాలే, లోపల గింజ లేదు. ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి! అందుకే ఆకు పచ్చదనం చూపించి ఇది బెట్టకు ఆగే రకమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. కంకి పట్టుకుని చూడాల్సిందే.

ఇక రకాలు. జార్ఖండ్‌లోని హజారీబాగ్ మెట్ట వరి కేంద్రం, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి, రైతుల చేలలోనే పరీక్షించి తెచ్చిన సహభాగి ధాన్ 2010లో విడుదలైంది. సుమారు 105 రోజుల పంట. వేరు లోతుకు దిగుతుంది. బెట్ట ఏళ్లలో మిగతా రకాల కంటే ఎకరానికి మూడు నాలుగు క్వింటాళ్లు ఎక్కువ నిలబెడుతుందని పేరు. బియ్యం లావు, కాబట్టి సన్నబియ్యం ధర ఆశించకండి. ఎగువ మడికి నా ఓటు దీనికే. కాస్త తడి నిలిచే దిగువ మడికైతే డీఆర్‌ఆర్ ధాన్ 42 చూడండి. పాత వరి రకం ఐఆర్ 64లోకి బెట్టను తట్టుకునే జన్యు భాగాలను చేర్చి తయారుచేశారు. 2014లో మన రెండు రాష్ట్రాలకూ సిఫారసు చేశారు, సుమారు 120 రోజుల్లో వస్తుంది. రెండు మడులకూ ఒకే రకం వేయవద్దని గట్టిగా చెబుతాను. వాన ఎప్పుడు పోయినా రెండూ ఒకేసారి ఈనే దశలో ఉండకూడదు.

వేరు లోతుగా దిగే రకమైనా నేల దారి ఇవ్వాలి. ఏళ్ల తరబడి దమ్ము చేసిన (నీరు పెట్టి బురదగా దున్నిన) మడిలో జానెడు లోతున గట్టి పొర ఉంటుంది. వేసవిలో లోతు దుక్కి చేయకపోతే ఏ రకం వేరైనా అక్కడే ఆగుతుంది.

ఆకు చుట్టుకుందని వెంటనే కంగారుపడకండి. మధ్యాహ్నం చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే పైరు తన నీటిని తాను కాపాడుకుంటోందన్నమాట. తెల్లవారుజామున కూడా చుట్టుకునే ఉంటే మాత్రం నేలలో తడి అయిపోయినట్టే. అప్పుడు యూరియా జోలికి పోవద్దు, వాన పడి తడి అందాకే వేయండి. కలుపును మాత్రం ఆ లోపే తీసేయండి, ఉన్న కాస్త తడినీ అదే తాగేస్తుంది. లేత ఆకులు పసుపు, తెలుపు తిరిగితే అది బెట్ట కాకపోవచ్చు. పొడి నేలలో వరికి ఇనుము అందక అలా అవుతుంది. అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) నీళ్లలో కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే కొత్త ఆకులు పచ్చబడతాయి.

విత్తనం కోసం మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని వేసవిలోనే అడగండి, జూన్‌లో అడిగితే దొరకడం కష్టం. ఇవి సంకర (హైబ్రిడ్) రకాలు కావు, మరుసటి ఏడాదికి మీ పంటలోంచే విత్తనం దాచుకోవచ్చు.