దేవుళ్ల కథలో పాత ముఖాలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. దేవతలు, రాక్షసులు, పాతాళ రాజ్యాలతో ఆరు భాగాల ఫాంటసీ నవల రాస్తున్నాను. మొదటి భాగం చదివిన స్నేహితులు పెదవి విరిచారు. అనాథగా పెరిగిన రాజకుమారుడు, సగంలో చనిపోయే గురువు, అసూయపడే తమ్ముడు, నవ్వించే నేస్తం, అందరూ ఎక్కడో చూసినవాళ్లే అంటున్నారు. అందరినీ తీసేసి మళ్లీ మొదలుపెట్టమంటారా? రెండు అధ్యాయాలు జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఎవరినీ తీసేయకండమ్మా. పెట్టెలో పెట్టి ఏటిలో వదిలిన బిడ్డను మనవాళ్లు కర్ణుడి కాలం నుంచీ చూస్తూనే ఉన్నారు, ఇంకా విసుగు పుట్టలేదు. తోలుబొమ్మలాట చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే జుట్టుపోలిగాడి గురించి, బంగారక్క గురించి అడగండి. వాల్మీకి వాళ్లను ఎరగడు, వ్యాసుడూ ఎరగడు. అయినా ఆడేది రామాయణమైనా భారతమైనా వాళ్లు రావలసిందే. రావణుడి కొలువు ముగిసీ ముగియకముందే తెర మీదికి దూకి, మోటు సరసాలాడి, ఒకరినొకరు బాదుకుని పోతారు. మళ్లీ వీళ్లేనా అని లేచిపోయినవాణ్ణి నేను చూడలేదు. నిద్రపోతున్న పిల్లలను తట్టి లేపేది వాళ్ల కోసమే.

మీ చిక్కు వేరే చోట ఉంది. మీ గురువుగారు బాణం దిగిన గుండెతో పేజీన్నర ధర్మోపదేశం చేశారు. ఆ పేజీన్నరలో ఆయనకు దాహమైనా వేయలేదు. మీ స్నేహితులకు పాతగా తోచింది గురువు చావడం కాదు, అలా చావడం.

మన నెల్లూరు సీమ వీరగాథ కాటమరాజు కథ వినే ఉంటారు. కొమ్ములవారు పాడతారు. గంగాదేవి అందులో స్వయంగా ఒక పాత్ర. పశువుల మేత దగ్గర, పుల్లరి దగ్గర మొదలైన తగవు ముదిరి, కాటమరాజుకూ నెల్లూరు రాజుకూ యుద్ధమైంది. రాజు పక్షాన వెళ్లిన ఖడ్గతిక్కన, భారతం రాసిన తిక్కనగారి దాయాది, సేన చెదిరి ఇంటికి తిరిగి వచ్చాడు. ఓడి వచ్చిన వీరుడు, ఇంతకంటే అరిగిపోయిన పాత్ర ఉంటుందా? కానీ ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం అడ్డంపెట్టి, దాని పక్కన పసుపు ముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ్మ అన్నంలోకి విరిగిన పాలు పోసింది. ఆ మనిషి మళ్లీ కత్తి పట్టి వెళ్లి యుద్ధంలోనే ప్రాణం విడిచాడు. ధర్మం గురించి ఉపన్యాసం ఎక్కడా లేదు, ఉన్నదల్లా మంచం, పసుపు, పాలు. మీ గురువుగారి చేతికి కూడా ఇలాంటి వస్తువు ఏదైనా ఇవ్వండి.

రాక్షసుడి విషయంలో మీరు మరీ పిసినారితనం చూపించారు. ‘చావులేని వరం పొందాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. హిరణ్యకశిపుడు అలా అడిగాడా? ఇంటా వద్దు, బయటా వద్దు, పగలూ కాదు, రాత్రీ కాదు, మనిషి చేత కాదు, మృగం చేత కాదు అంటూ దస్తావేజు రాయించే ప్లీడరులా అడిగాడు. అంత తెలివైనవాడు కనుకనే వాడు పడిపోవడం చూడబుద్ధేస్తుంది. అద్దంకి రెడ్డిరాజుల కొలువులో ఉన్న ఎర్రన నృసింహపురాణం రాసింది ఈ కథ మీదే.

దేవుడి సంగతికి వస్తే, మీ అగ్నిదేవుడు రాక్షసుణ్ణి చంపగానే భాగం ముగించారు. అసలు కథ అక్కడే మొదలవుతుందంటాను నేను. వీలు చూసుకుని రాపూరు మీదుగా పెంచలకోన వెళ్లి రండి. హిరణ్యకశిపుణ్ణి చంపినా కోపం చల్లారని నరసింహస్వామి ఆ కొండల్లో తిరుగుతూ చెంచుపిల్లను చూసి మనసుపడి పెళ్లాడాడని అక్కడి కథ. అది తెలిసి ఆదిలక్ష్మి అలిగి దూరంగా వెళ్లిపోయింది. అందుకే అమ్మవారి గుడి విడిగా ఉందంటారు. స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడు చివరికి ఇంటి తగవులో ఇరుక్కున్నాడు! జనం దగ్గరకు తీసుకున్నది ఆ దేవుణ్ణే. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో హాజరు పట్టీలో పెంచలయ్య, పెంచలమ్మ లేని తరగతి ఉండేది కాదు. ఇంటిపేరుతో కలిపి పిలిస్తే తప్ప ఎవరు పలుకుతున్నారో తెలిసేది కాదు.

మీ అగ్నిదేవుడికి పెళ్లయిందా? రెండో భాగంలో రాయండి. ఆరు భాగాలని ఇప్పుడే ప్రకటించడం మాత్రం మానుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీషులో దేవుళ్ల ఫాంటసీ నవలలు తెగ చదువుతాడు, తెలుగు ముట్టడు. తిక్కన భారతంలో ఎక్కడ మొదలుపెట్టించాలి?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: తిక్కనగారు మొదలుపెట్టిన చోటే, విరాటపర్వంలో. మారువేషాలు, జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు, అంతఃపురంలో ప్రగల్భాలు పలికి కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తిన ఉత్తరుడు, వాణ్ణి పట్టి వెనక్కు తెచ్చిన బృహన్నల, మీ అబ్బాయికి ఇష్టమైనవన్నీ ఉన్నాయి. ముందు వచనంలో కథ చదివించండి, పద్యాలు మీరే చదివి వినిపించండి. మీకు పద్యం చదవడం రాకపోతే ముందు మీరు నేర్చుకోండి.