విడాకుల తర్వాత సవతి కొడుకుతో, అత్తగారితో సంబంధం నిలుపుకోవచ్చా?

నిలుపుకోవచ్చు. మాజీ భర్త మొదటి భార్య కొడుకును చిన్నప్పటి నుంచి మీరే పెంచారని, వాడికిప్పుడు పద్నాలుగేళ్లని, వాడినీ అత్తగారినీ వదులుకోలేకపోతుంటే అందరూ 'మూవ్ ఆన్ అవ్వు' అంటున్నారని రాశారు. నేను ఆ అబ్బాయి స్థానంలో ఉన్నదాన్ని. మా నాన్న రెండో పెళ్లి చేసుకున్నప్పుడు నేను చిన్నపిల్లని, వాళ్లు విడిపోయేసరికి కాలేజీలో ఉన్నాను. పిన్ని నాకు ఇప్పటికీ పిన్నే.

ఈ మూవ్ ఆన్ సలహాలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొగుణ్ణి మర్చిపోమంటే అర్థముంది. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుని సాకిన పిల్లాణ్ణి ఎలా మర్చిపోతారు? విడాకుల కాగితం మీద సంతకాలు పెట్టేది ఇద్దరే. అది చేతికి రాగానే బంధువులంతా తామూ సంతకం పెట్టినట్టే మొహాలు తిప్పుకుంటారు. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి పిన్నిని తీసేసింది మా మేనత్త. నాన్నని ఒక్క మాట కూడా అడగలేదు.

మా నాన్నమ్మకి చెవుడు. హియరింగ్ ఎయిడ్ ఉంది గానీ దాని సంగతంతా పిన్నే చూసేది. అందులో వేసేవి ఆరెంజ్ స్టిక్కర్ అంటించి ఉండే చిన్న బిళ్ల బ్యాటరీలు. స్టిక్కర్ పీకగానే పెట్టేయకూడదు, కాసేపు గాలి తగలనివ్వాలి. ఇవన్నీ మాకేం తెలుసు? తోచినట్టు పెట్టాం. చెవిలో కుయ్యిమంటోందని నాన్నమ్మ దాన్ని తీసి సొరుగులో పడేసింది. అప్పట్నుంచి మేం అరవడం, ఆవిడ అర్థమైనట్టు తలూపడం. మతిమరుపు మొదలైందని అత్త తేల్చేసింది కూడా.

నేను పిన్నికి ఫోన్ చేశాను. వచ్చింది. హాల్లో నాన్న టీవీ చూస్తున్నారు. "బాగున్నారా" అని ఒక్క మాట అని నేరుగా నాన్నమ్మ గదిలోకి వెళ్లిపోయింది. ఎయిడ్‌లో పేరుకున్న గులిమి చిన్న బ్రష్‌తో తీసి, బ్యాటరీ మార్చి, చెవిలో సరిగ్గా అమర్చింది. నాన్నమ్మ ముందు హాలు వైపు తిరిగి, "ఆ టీవీ ఏంట్రా అంత గట్టిగా పెట్టావు!" అని కేకేసింది. తర్వాత పిన్ని చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్లూ ఏమైపోయావే?" అంది. పిన్ని ఏదో చెప్పబోయి ఊరుకుంది. నాన్న టీవీ కట్టేశారు.

ఆ సాయంత్రమే అత్త ఫోన్. విడిపోయిన మనిషిని ఇంట్లోకి ఎలా రానిచ్చారని. నాన్న, "ఆవిడ అమ్మ కోసం వచ్చింది, నా కోసం కాదు" అని పెట్టేశారు. పిన్ని విషయంలో ఆయన అంత న్యాయంగా మాట్లాడటం అదే మొదటిసారి.

పిన్ని ఎక్కడా తప్పటడుగు వేయలేదు. నాన్న గురించి నన్ను ఒక్క ఆరా తీయలేదు, నా చేత ఒక్క కబురు పంపలేదు. పిల్లలు దూరం జరిగేది సరిగ్గా ఇక్కడే. ఎవరి పక్షమని అడిగినా అడగకపోయినా, ఆ ప్రశ్న వాళ్లకి వినిపిస్తూనే ఉంటుంది. ఆ టెన్షన్ పెట్టకపోతే ఏ పిల్లలూ పెంచిన మనిషిని వదులుకోరు, రాసిస్తాను.

చట్టాన్ని మాత్రం నమ్ముకోకండి. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలోని 9వ అధికరణం, విడిగా ఉంటున్న తల్లిదండ్రులిద్దరినీ క్రమం తప్పకుండా కలుసుకునే హక్కు పిల్లలకుందని చెబుతుంది, అది వాళ్ల మేలుకు విరుద్ధమైతే తప్ప. అందులో సవతి తల్లి ఊసే లేదు. దత్తత తీసుకోకపోతే చాలా దేశాల్లో ఆమెకి దానంతటదే వచ్చే హక్కేమీ ఉండదు. రాసినవాళ్లు ఇలాంటి ఇళ్లు చూడలేదు కాబోలు.

కాబట్టి అబ్బాయి మేజర్ అయ్యేదాకా వాళ్ల నాన్నకి తెలిసే కలవండి. ముందు ఆయనకే ఒక మెసేజ్ పెట్టండి, పాత గొడవలు అందులోకి లాగకుండా రెండు లైన్లు చాలు. మీ విడాకుల్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం లాయర్ని అడక్కుండా ఏదీ చేయకండి.

అత్తగారికైతే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మధ్యాహ్నం పూట ఫోన్ చేయండి, సాయంత్రమైతే ఇంట్లో అందరూ ఉంటారు.