ప్రాగ్‌లో ఒక్క పగలు

ప్రశ్న: జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు డిసెంబరు నెలాఖరులో వెళ్తున్నాం. అక్కడి నుంచి ప్రాగ్‌కు రైల్లో రెండున్నర గంటలట. ఒక రోజంతా ఊరు చూపిస్తానంటోంది. నాకు 68 ఏళ్ళు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పైగా చీర తప్ప మరొకటి కట్టదు. ఆ చలిలో తిరగగలమా? ఏది ముందు చూడాలి? అక్కడి పాత గడియారం మన పంచాంగంలా రాశులు చూపిస్తుందంటారు, నిజమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: నిక్షేపంగా తిరగగలరు మాస్టారూ. మీరు చలి గురించి బెంగపడుతున్నారు గాని, ఆ రోజుల్లో ప్రాగ్‌లో నిజంగా కరువయ్యేది వెలుతురు. ఉదయం ఎనిమిదింటికి గాని సూర్యుడు కనబడడు, సాయంత్రం నాలుగింటికల్లా అస్తమిస్తాడు. అందువల్ల ముందు రోజు రాత్రికే ఊరు చేరి అక్కడే పడుకోండి; పగటి వేళను రైల్లో పోగొట్టుకోవద్దు.

కోటతో మొదలుపెట్టండి. కొండ ఎక్కనవసరం లేదు. 22వ నంబరు ట్రామెక్కి కోట పేరుతోనే ఉన్న స్టాపులో దిగితే, అక్కడి నుంచి దాదాపు చదునైన దారే. ట్రామ్ ఎక్కగానే టికెట్టు మీద ముద్ర వేయించుకోవడం మరవకండి. చలికాలంలో కోట లోపలి కట్టడాలను తొమ్మిది నుంచి నాలుగు వరకే తెరిచి ఉంచుతారు. ఆదివారమైతే సెయింట్ వైటస్ కెథీడ్రల్‌లోకి మధ్యాహ్నం దాకా సందర్శకులను రానివ్వరు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి. 1344లో పునాది పడి 1929లో పూర్తయిన గుడి అది. లోపల ఎడమవైపు మూడో కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. ఆల్ఫాన్స్ ముహా గీసిన బొమ్మల అద్దం అది. చుట్టూ నీలాలూ ఆకుపచ్చలూ, నడుమ వెచ్చని ఎరుపులూ పసుపులూ, ఆ నడిమి వెలుగులో ఒక నాయనమ్మ, ఆమె పక్కన పిల్లవాడైన మనవడు. ఆ దేశపు రక్షకుడిగా కొలిచే వాత్స్‌లావ్, ఆయన నాయనమ్మ లుద్మిలా వాళ్ళు. బయట ఎంత మబ్బు పట్టినా ఆ కిటికీ కళ తగ్గదు.

దిగేటప్పుడు మెట్లదారి వద్దు. మంచు పడితే ఆ రాళ్ళు నున్నగా జారతాయి. అదే ట్రామ్‌లో మాలాస్త్రానా చౌకు దాకా వచ్చి భోజనం చేయండి. శాకాహారులైతే బంగాళాదుంప సూపు అడగవచ్చు గాని, మాంసం ఉడికించిన నీళ్ళతో చేశారేమో కనుక్కోవాలి. తరువాత చార్లెస్ వంతెన. 1357లో మొదలుపెట్టిన ఈ రాతి వంతెన అరకిలోమీటరుకు పైగా పొడవు, రెండు వైపులా కలిపి 30 విగ్రహ సమూహాలు. వాటిలో అన్నిటికన్నా పాతది 1683లో నిలిపిన నెపోముక్ విగ్రహం. 1393లో రాజాజ్ఞ మీద ఈ పూజారిని నదిలో పడవేశారు. పీఠం మీది కంచు పలక అంతా నల్లబడి ఉంటుంది, జనం చేతులు తగిలే చోట మాత్రం బంగారంలా మెరుస్తూ ఉంటుంది.

చలి కొరికేది ఈ వంతెన మీదే, నది గాలి వల్ల. ఎండలేని ఆ రోజుల్లో ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్క లావుపాటి కోటు కన్నా ఒంటికి పట్టే థర్మల్స్, దానిపై ఉన్ని స్వెట్టరు, ఆపైన గాలి దూరని జాకెట్టు మేలు. మీ శ్రీమతిగారు చీర మానుకోనక్కరలేదు. లంగా లోపల థర్మల్ లెగ్గింగ్స్, ఉన్ని మేజోళ్ళు, అడుగు జారని బూట్లు వేసుకుని, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకుంటే కరిగిన మంచుకు అంచు తడవదు. చెవులు కప్పుకోవడం మాత్రం ఇద్దరికీ తప్పనిసరి.

మూడింటికల్లా పాత పట్టణ చౌకులోని గడియారం దగ్గర ఉండండి. మీరు విన్నది నిజమే. 1410 నాటి ఆ యంత్రం మీద రాశిచక్రం తిరుగుతుంది, సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూపిస్తుంది. సగం నల్లగా, సగం వెండిలా ఉన్న గోళం చంద్రకళలు చెబుతుంది. అయితే అది సాయన లెక్క, అంటే ఋతువులను బట్టి రాశులను గుణించేది. మనది నక్షత్రాలను బట్టి గుణించే నిరయన లెక్క కనుక, మన సంక్రాంతికి మూడు వారాల ముందే అక్కడి సూర్యుడు మకరంలో అడుగుపెట్టేసి ఉంటాడు. మూడు కొట్టగానే అస్థిపంజరం బొమ్మ గంట లాగుతుంది, పైకిటికీల్లో అపొస్తలుల (క్రీస్తు శిష్యుల) బొమ్మలు వరసగా కనిపించి వెళ్తాయి. అది ముగిశాక ఆ గడియారం ఉన్న పురభవనం గోపురం మీదికే లిఫ్టులో వెళ్ళి, నదికి ఆవల కోటకు బాగా ఎడమగా పొద్దు వాలడం చూడండి.

కిందికి దిగాక గడియారాన్ని మరొక్కసారి చూడండి. బయటి నల్లని వలయం మీద బంగారు రంగులో 1 నుంచి 24 వరకు అంకెలుంటాయి. పూర్వం చెక్ ప్రజలు రోజును సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టేవారు. ఏ రోజు పొద్దు ఎప్పుడు గుంకుతుందో దాన్ని బట్టి ఆ వలయం ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. నాలుగు గంటల వేళకు చేయి ఆకారంలో ఉన్న బంగారు ముల్లు 24కు చేరువగా వస్తుంది. అది 24ను తాకేసరికి చౌకులో దీపాలు వెలుగుతూ ఉంటాయి.