ఆల్బమ్ రికార్డింగ్‌కి హైదరాబాద్ వెళ్లాలా, విశాఖలోనే చేయాలా?

తమ్ముడూ, మీరు నలుగురు బీటెక్ మూడో సంవత్సరం అని, ఐదు సొంత పాటలు రెడీగా ఉన్నాయని, ఆరోది స్టూడియోలో కూర్చుని పూర్తి చేసుకుంటామని రాశావు. చేతిలో లక్షన్నర ఉంది. హైదరాబాద్ వెళ్లాలా, ఇక్కడే కానిచ్చేయాలా, ఇంత చేశాక తెలుగు రాక్ ఎవరైనా వింటారా అన్నది నీ ప్రశ్న.

నేను గాజువాకలో పెరిగాను. పదేళ్లకు పైగా ఒక బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించాను. మా ఎనిమిది పాటల ఆల్బమ్ 2022లో బయటికొచ్చింది. నిజానికి దాన్ని రెండుసార్లు రికార్డ్ చేశాం. మొదటిసారి చేసింది మొత్తం పక్కన పడేశాం.

ఆ మొదటిసారి మేం కూడా నీలాగే ఆలోచించాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాం, మంచి స్టూడియోలో ఐదు రోజులు బుక్ చేశాం. గంటకింత అని మీటర్ తిరుగుతుంటే మేం మూడో పాట రెండో చరణంలో ఏ మాట పెట్టాలో అని సోఫాలో కూర్చుని వాదించుకున్నాం. మా డ్రమ్మర్ ఎప్పుడూ క్లిక్ (వేగం తప్పకుండా హెడ్‌ఫోన్స్‌లో వినిపించే టిక్ టిక్) పెట్టుకుని వాయించినవాడు కాదు. అది వినపడగానే చేతులు బిగుసుకుపోయాయి. లక్షా నలభై వేలు ఖర్చయ్యాయి. తిరిగొచ్చాక ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ ఎదురుగా గోడ మీద కూర్చుని ఎనిమిది పాటలూ విన్నాం. అన్నీ శ్రుతిలోనే ఉన్నాయి, ఎక్కడా తప్పు లేదు. కానీ అందులో మేం లేం. ఎవరూ ఏమీ మాట్లాడకుండా లేచి ఇళ్లకు వెళ్లిపోయాం. స్టూడియోని అనడానికేం లేదు, వాళ్లు మైకులు చక్కగా పెట్టారు. తయారవకుండా వెళ్లింది మేమే.

బీటిల్స్ మొదటి ఆల్బమ్ సంగతి విన్నావా? 1963 ఫిబ్రవరి 11న, లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో, ఒక్క రోజులో పది పాటలు రికార్డ్ చేశారు. వాళ్లలో పాడే లెనన్‌కి జలుబు. గొంతు పూర్తిగా చెడగొట్టే పాటని చివరికి ఉంచి రాత్రి పూట పాడించారు. ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో 30 వారాలు నంబర్ వన్‌గా ఉంది. వాళ్లకి అది ఒక్క రోజులో అయిందంటే, అంతకుముందు లివర్‌పూల్‌లో, హాంబర్గ్‌లో రాత్రికి కొన్ని గంటల చొప్పున క్లబ్బుల్లో వాయించి వాయించి ఉన్నారు కాబట్టి. ఆల్బమ్ అక్కడే తయారైంది. స్టూడియో దాన్ని పట్టుకుందంతే.

అందుకే రెండోసారి ఏడు నెలలు అసలు స్టూడియో మాటే ఎత్తలేదు. ఎంవీపీ కాలనీలో మా గిటారిస్ట్ వాళ్ల మేడ మీద గది. గోడలకి పాత పరుపులు, దుప్పట్లు కట్టాం. (కోడిగుడ్ల ట్రేలు అంటించమని ఎవరైనా చెబితే వినకండి. గదిలో మోత కాస్త మారుతుంది గానీ, పక్కింటికి వెళ్లే సౌండ్ ఆగదు.) రోజూ ప్రాక్టీస్ అయ్యాక ఫోన్ గది మధ్యలో పెట్టి ఒక పాట రికార్డ్ చేసేవాళ్లం, మర్నాడు బస్సులో వినేవాళ్లం. ఫోన్‌లో విన్నా పాట నిలబడుతోందంటే రెడీ అయినట్టు. నాలుగు పాటలు అలా నిలబడలేదు. రెండింటిని తీసేశాం, రెండింటిని మార్చి రాశాం. వాటి బదులు కొత్తవి రెండు వచ్చాయి.

మనలాంటి సముద్రం పక్క ఊళ్లకి ఉన్న ఒక ఇబ్బంది చెబుతాను. సముద్రపు గాలికి గిటార్ తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి. రికార్డింగ్‌కి రెండు రోజుల ముందు కొత్త తీగలు వేయాలి. బయటి ఉక్కలోంచి ఏసీ గదిలోకి వెళ్లగానే శ్రుతి మారిపోతుంది, అందుకని గిటార్‌ని గంట ముందే లోపల పెట్టేయండి. ఇది తెలియక మేం మొదటి పూట మొత్తం పోగొట్టుకున్నాం.

రెండోసారి విశాఖలోనే, సీతమ్మధారలో ఒక చిన్న స్టూడియోలో చేశాం. పదకొండు రోజులు పట్టింది. అందులో ఒక పాటకి మన ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల తాళం కావాలనిపించి, విజయనగరం జిల్లా నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాం. రేకు తప్పెట గుండె మీద కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో వచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి 104 టెంపోలో, అంటే నిమిషానికి 104 టిక్కుల వేగంతో, క్లిక్ వినిపించాం. రెండు నిమిషాలు ఓపిక పట్టి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు. "ఈ టిక్కుటిక్కు నాకెందుకు బాబూ, కాలికి గజ్జెలు కట్టుకున్నాను గదేటి" అన్నాడు. క్లిక్ ఆపేశాం. ఆయన గదిలో తిరుగుతూ అడుగు వేస్తుంటే, మా డ్రమ్మర్ అద్దం అవతల నుంచి ఆయన కాళ్లనే చూస్తూ వాయించాడు. తర్వాత కొలిచి చూస్తే పాట 104లో మొదలై 112 దగ్గర ముగిసింది. సరిచేయమంటారా అని ఇంజనీర్ అడిగాడు. వద్దన్నాం. ఆల్బమ్‌లో ఇప్పటికీ నాకు గర్వంగా అనిపించే పాట అదే.

మిక్సింగ్‌లో ఒకటే జాగ్రత్త. సౌండ్ బాగా గట్టిగా ఉండాలని మేం కూడా పట్టుబట్టాం. స్పాటిఫై లాంటివి మామూలుగా పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) అనే ఒకే స్థాయికి తెస్తాయి. గట్టిగా నొక్కేసిన పాటని తగ్గించేస్తాయి, డ్రమ్స్‌లో పోయిన దెబ్బ మాత్రం తిరిగి రాదు.

ఇక ఎవరు వింటారు అన్న ప్రశ్న. మొదటి నెల చుట్టాలు, స్నేహితులు విన్నారు, అంతే. ఆ నెల నాకు చాలా కష్టంగా గడిచింది, రాత్రి నిద్ర లేచి ఫోన్‌లో లెక్క చూసుకునేవాణ్ని. మొదటి పాటని రుషికొండ అలల చప్పుడుతో 50 సెకన్లు నడిపించి మొదలుపెట్టాం. చాలామంది గొంతు రాకముందే వెళ్లిపోయారు. 30 సెకన్లు వింటేనే స్పాటిఫై దాన్ని ఒక స్ట్రీమ్‌గా లెక్కేస్తుంది. అలలు ఉంచుకోండి గానీ, మొదటి పాటలో వద్దు.

అన్నిటికన్నా బాధపెట్టింది ఇంకోటి. మా పాటల్లో మన యాసే ఉంది. "ఏటి సేత్తాం" అని పాడితే కామెడీ సీన్‌లా ఉంది అని ఒకరు రాశారు. ఉత్తరాంధ్ర మాటని సినిమాల్లో నవ్వించడానికి ఎన్నిసార్లు వాడారో మనకి తెలుసు. కోపంగా పాడినా, ఏడుస్తూ పాడినా కొందరికి నవ్వే వస్తుంది. ఒక వారం పాటు మార్చి పాడదామా అని కూడా అనుకున్నాం. మార్చలేదు. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్‌కి 2000లో దేశమంతా పేరు తెచ్చిన 'కందీసా' కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన, అరమాయిక్ భాషలోది. విన్నవాళ్లలో ఎందరికి ఒక్క ముక్క అర్థమై ఉంటుంది? అలాంటప్పుడు మన మాట మనవాళ్లకి ఎందుకు అర్థం కాదు?

ఐదు నెలల తర్వాత అనకాపల్లి దగ్గర ఒక కాలేజీ ఫెస్ట్‌లో వాయించాం. "ఏటి సేత్తాం" దగ్గరకి వచ్చేసరికి ముందు వరసల్లో పిల్లలు మాకన్నా ముందే అందుకున్నారు. మా గాయకుడు మైకు వాళ్ల వైపు తిప్పేశాడు. మర్నాటి నుంచి వినేవాళ్లు మెల్లగా పెరిగారు, అదీ ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం, మన విశాఖ వైపు నుంచే. డబ్బు సంగతి చెప్పాలంటే, పెట్టింది రాలేదు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1000 స్ట్రీమ్స్ దాటని పాటకి పైసా రాదు. మావి నాలుగు దాటాయి, నాలుగు దాటలేదు.

కాబట్టి విశాఖలోనే చేయండి. రైలుకి, హోటల్‌కి అయ్యే డబ్బుతో ఇంకో మూడు రోజుల స్టూడియో వస్తుంది. డ్రమ్స్‌కి మాత్రం మంచి గది ఉన్న చోటు చూసుకోండి, గొంతు, గిటార్ చిన్న గదిలోనైనా తీయొచ్చు. రికార్డింగ్ మొదలవకముందే, మాట ఎవరిది, ట్యూన్ ఎవరిది, వాటా ఎంత అని కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహితులం కదా అని మేం రాసుకోలేదు. ఇప్పుడు మా నలుగురిలో ఇద్దరు మాట్లాడుకోవట్లేదు.

ఆ ఆరో పాటని మాత్రం స్టూడియోకి తీసుకెళ్లకండి తమ్ముడూ. ఐదు పాటలతోనే వెళ్లండి.