గిమ్మిక్ ముక్క కట్టలో కలుస్తుందా?

పత్తాల మేజిక్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చూస్తుండగానే ఇస్పేటు రాణి ఆఠీను ఆసుగా మారిపోయే ఫ్లాప్ ముక్క (సగం మీద అటూ ఇటూ తిరిగే రెక్క అతికించిన ముక్క) ఒకటి విదేశీ తయారీదారు దగ్గర తెప్పించుకున్నాను. పోస్టేజీ, కస్టమ్స్ కలిపి నాలుగు వేలు దాటింది. వీడియోలో చూస్తే అద్భుతం. చేతికొచ్చాక మంచిదో కాదో తేల్చుకునేదెలా? వాపసుకు ఏడు రోజులే గడువు. (ఒక పాఠకుడు, నాచారం)

జవాబు: ఏడు రోజులు అక్కర్లేదు, ఒక్క సాయంత్రం చాలు. అందరూ ముందు చేసేది అది మారుతోందా లేదా అని చూడటం. అది ఆఖర్న చూడాల్సిన సంగతి. అమ్మకానికి పెట్టిన ఫ్లాప్ ముక్కలు దాదాపు అన్నీ మారతాయి. మారకముందూ మారిన తర్వాతా కంటికి, చెవికి, వేళ్లకు మామూలు పత్తాలా తోస్తుందా అన్నదే అసలు పరీక్ష. నాలుగు వేలు పెట్టింది దానికే.

ముందు వెనకవైపు చూడండి. మేజిక్‌కు ఎక్కువగా వాడే బైసికిల్ బ్రాండు పేకల వెనకవైపు ఉండే రైడర్ బ్యాక్ డిజైను 1887 నుంచీ ఉంది కానీ, ఎరుపు రంగు అన్ని అచ్చుల్లోనూ ఒక్కలా ఉండదు. తయారీదారు దగ్గర పాత నిల్వ కట్టలుండొచ్చు, మీ దగ్గర కొత్తవి ఉండొచ్చు. మీ కట్టలోంచి పది ముక్కలు బోర్లా పరిచి మధ్యలో గిమ్మిక్‌ను, అంటే మేజిక్ కోసం రహస్యంగా మార్చి చేసిన మీ ముక్కను, ఉంచండి. తెల్ల ఎల్ఈడీ కింద ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి, పగలు కిటికీ దగ్గర ఒకసారి చూడండి. తెల్ల లైటు కింద కలిసిపోయిన ఎరుపు ఫంక్షన్ హాలు పసుపు వెలుగులో వేరుపడొచ్చు. చుట్టూ ఉండే తెల్ల అంచు వెడల్పు కూడా సరిచూడండి. ఒకవైపు సన్నగా, మరోవైపు లావుగా ఉంటే ముక్కను తలకిందులుగా తిప్పినప్పుడు పట్టుబడుతుంది.

తర్వాత మందం. సికింద్రాబాద్ రాణీగంజ్ పనిముట్ల దుకాణాల్లో డిజిటల్ వెర్నియర్ కాలిపర్ దొరుకుతుంది, మామూలు రకం చాలు. ఒక్క ముక్కను కొలిస్తే పొరపాటు ఎక్కువ. అందుకే మామూలు ముక్కలు పది కలిపి కొలిచి పదితో భాగించండి. సుమారు 0.3 మి.మీ. వస్తుంది. గిమ్మిక్‌ను పై సగంలో, కింది సగంలో, మధ్య గీత దగ్గర వేరువేరుగా కొలవండి. ఫ్లాప్‌ను ఒకవైపు పెట్టి ఒకసారి, రెండోవైపు తిప్పి ఇంకోసారి. దవడలు గట్టిగా బిగించొద్దు, కాగితం నొక్కుకుపోయి అంకె తగ్గుతుంది.

కొలత ఏం చెబుతుందంటే: పేక ముక్క అంటే రెండు కాగితాలు, వాటి మధ్య వెలుతురు దూరకుండా నల్లటి జిగురు పొర. మంచి పనివాడు ముక్కను పొరలుగా చీల్చి పలచన చేశాకే ఫ్లాప్ తయారుచేస్తాడు. ఫ్లాప్ ఉన్న సగం 0.45 మి.మీ. దగ్గర ఉంటే పని బాగున్నట్టే. 0.6 వచ్చిందంటే చీల్చకుండా నిండు ముక్కనే అతికించారు. అప్పుడు రెండు సగాల మధ్య మెట్టు ఏర్పడుతుంది, ఆ మెట్టు మీద లైటు పడితే సన్నని నీడ గీత కనబడుతుంది. ప్రేక్షకులకు కారణం తెలియకపోవచ్చు, చూపు మాత్రం అక్కడికే పోతుంది.

ఇప్పుడు కట్ట మధ్యలో పెట్టి చదును చేసి, టేబుల్ ఎత్తుకు కళ్లు దించి నాలుగు పక్కల నుంచీ చూడండి. సందు కనబడుతోందా? ఇంట్లో ఎవరికైనా ఇచ్చి పదిసార్లు కోయమనండి. మూడు నాలుగుసార్లు సరిగ్గా గిమ్మిక్ దగ్గరే తెగిందంటే అది కట్టలో కలవడం లేదు, పక్క ముక్కలను ఎత్తి పట్టుకుంటోంది. కొద్దిపాటి వంపైతే సరిచేసుకోవచ్చు. మందం వల్లయితే ఏమీ చేయలేరు.

ఫోన్ టార్చి వెలుగును వెనక నుంచి వేయండి. లోపలి ఎలాస్టిక్ దారం, టేపు అంచులు నల్లగా కనబడతాయి, అది మామూలే. మామూలు ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు కూడా కనబడితే, కిటికీకి వీపు పెట్టి చేయకూడని ముక్క అది.

చప్పుడు సంగతి చాలామంది మరిచిపోతారు. ఫ్యాను, ఏసీ ఆపేసి మార్చి చూడండి. దారం మరీ బిగువుగా ఉంటే ఫ్లాప్ ‘టప్’మని కొట్టుకుంటుంది. వీడియోలో ఆ చప్పుడు వినిపించకుండా సంగీతం పెడతారు! వదులుగా ఉంటే చప్పుడుండదు కానీ ఫ్లాప్ పూర్తిగా అతుక్కోక వెంట్రుకవాసి లేచి ఉంటుంది. రెంటి మధ్య ఉండాలి. వరసగా యాభైసార్లు మార్చి, బొమ్మ పై సగం, కింది సగం గీతలు ఇంకా కలుస్తున్నాయో లేదో గమనించండి. రాజు, రాణి, జాకీ బొమ్మల్లో తేడా వెంటనే తెలిసిపోతుంది. ఆసు అయితే చుట్టూ ఖాళీ కాబట్టి దాచుకుంటుంది. మీది రాణి నుంచి ఆసుకు మారుతుంది కనక రాణి వైపే ఎక్కువ పరీక్షించండి.

చివరికి ఫోన్‌ను రెండడుగుల దూరంలో పెట్టి ఎదుటి నుంచి, కుడి ఎడమల నుంచి, పైనుంచి రికార్డు చేయండి. మన ఇళ్లలో ప్రేక్షకులు వరసగా కుర్చీల్లో కూర్చోరు, సగం మంది వెనక నిలబడతారు. మారాక ‘ఏదీ, ఇటివ్వండి అంకుల్’ అని చెయ్యి చాపే పిల్లలు ఉండనే ఉంటారు. ఫ్లాప్ ముక్కను ఎవరి చేతికీ ఇవ్వలేం. దాన్ని తప్పించి అసలైన ఆఠీను ఆసును చేతికిచ్చే పద్ధతిని తయారీదారు నేర్పాడా చూడండి. నేర్పకపోతే అమ్మింది సగం వస్తువే. పైన చెప్పిన లోపాల్లో ఒకటి ఉన్నా సర్దుకోవచ్చు. మందం, చప్పుడు రెండూ ఉంటే మాత్రం గడువులోగా వెనక్కి పంపండి.

ప్రశ్న: చుట్టాలింటికి వెళ్తే వాళ్ల రమ్మీ కట్టే ఇస్తారు. నా గిమ్మిక్ ముక్కలు అందులో వాడొచ్చా? (సైదాబాద్)

జవాబు: సాధారణంగా కుదరదు. బైసికిల్ మామూలు కట్ట పోకర్ సైజు, 63 × 88 మి.మీ. ఇళ్లలో రమ్మీకి వాడేవి ఎక్కువగా బ్రిడ్జి సైజువి, వెడల్పు సుమారు 57 మి.మీ. అంటే మీ ముక్క ఆరు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. సైజు కలిసినా ప్లాస్టిక్ ముక్కల మెరుపు, జారుడు వేరు. ఆ ఇంటి కట్టతో మామూలు ముక్కల మేజిక్ చేసి, మీ గిమ్మిక్‌లను మీ కట్టతోనే వాడండి. రెంటినీ ఒకే ప్రదర్శనలో కలపాలని చూడొద్దు.

ప్రశ్న: సంతకం చేయించిన ముక్క పర్సులోంచి బయటపడే వాలెట్ కొందామనుకుంటున్నాను. తోలుదా, రెక్సిన్‌దా? కోటు వేసుకునే అలవాటు లేదు. (బేగంపేట)

జవాబు: మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి వాలెట్లు చాలావరకు కోటు లోపలి జేబును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. చెయ్యి లోపలికి వెళ్లగానే ముక్కను రహస్యంగా వాలెట్‌లో దూర్చే పని జరిగిపోతుంది, బట్ట చాటు ఉంటుంది. ప్యాంటు వెనక జేబులోనో, కుర్తా పక్క జేబులోనో ఆ వాలెట్ నిలువుగా నిలవదు, అడ్డం తిరుగుతుంది. దాంతో ముక్క దూరే నోరు ఎటో పోతుంది. కాబట్టి ప్యాంటు జేబుకు పనికొచ్చే రకమా అని అమ్మేవాడిని సూటిగా అడగండి. పెళ్లిళ్లలో షేర్వాణీ వేసుకుని చేసేవాళ్లు దాని లోపలి జేబు లోతు ముందే కొలుచుకోవాలి. కొన్ని షేర్వాణీలకు లోపలి జేబే ఉండదు.

వస్తువు చేతికొచ్చాక చూడాల్సింది ముక్క దూరే నోటిని. 63 మి.మీ. ముక్క దూరాలంటే నోరు అంతకన్నా కొద్దిగా వెడల్పుండాలి. మరీ ఎక్కువైతే ముక్క వంకరపోతుంది. పాత ముక్కను, కొత్త ముక్కను, మూల కాస్త వంగిన ముక్కను ఒక్కోటి ఇరవైసార్లు చూడకుండా దూర్చండి. ఎక్కడ ఆగినా వేలితో తడిమి చూస్తే లోపల కుట్టు దారమో, మడత అంచో తగులుతుంది. తర్వాత మార్కర్‌తో సంతకం చేసి వెంటనే దూర్చి తీయండి. సిరా చెదిరిందంటే మీ మాటల్లో సిరా ఆరేదాకా కొంత వ్యవధి కల్పించుకోవాలన్నమాట. ప్లాస్టిక్ పూత ముక్కల మీద సిరా ఇంకా ఆలస్యంగా ఆరుతుంది.

ఇక తోలా, రెక్సినా? రెక్సిన్ కొత్తలో బాగానే జారుతుంది. మన వానాకాలాలు కొన్ని గడిచేసరికి పొర పొరగా ఊడుతుంది, ఆ పొట్టు నోట్లో అడ్డుపడుతుంది. తోలు మొదట బిగువుగా ఉన్నా వాడేకొద్దీ మెత్తబడుతుంది. వాలెట్‌లో అయస్కాంతం ఉంటే మాత్రం ఏటీఎం కార్డు అందులో పెట్టొద్దు. వెనక ఉండే నల్ల పట్టీలోని సమాచారం చెరిగిపోవచ్చు.

ప్రశ్న: మే నెలలో బాగున్న గిమ్మిక్ జులై వచ్చేసరికి పడవలా వంగింది. నాసిరకమా? (మల్కాజిగిరి)

జవాబు: నాసిరకం అనక్కర్లేదు. మన ఊళ్లో ఎండాకాలం గాలి బాగా పొడి, వానలు పడగానే తేమ ఒక్కసారి పెరుగుతుంది. మామూలు ముక్కలో రెండు కాగితాలూ ఒకే తీరు కాబట్టి రెండువైపులా దాదాపు సమానంగా తేమ పీల్చుకుంటాయి. గిమ్మిక్‌లో ఒకవైపు టేపు, జిగురు ఉంటాయి. అటు తేమ తక్కువ ఎక్కుతుంది, రెండోవైపు కాగితం సాగుతుంది, ముక్క వంగుతుంది.

వంపుకు ఎదురుగా నెమ్మదిగా వంచి, రెండు మామూలు ముక్కల మధ్య పెట్టి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి. ఇస్త్రీపెట్టె జోలికి పోవద్దు, వేడికి టేపు జిగురు కరిగి అంచుల నుంచి కారుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టినా అదే తంతు. తర్వాత దాన్ని కట్టలోనే ఉంచి, కట్టను లోహపు కార్డ్ క్లిప్‌లో బిగించి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్‌లో వేయండి. ఎలాస్టిక్ ఉన్నదైతే దారం సాగి ఉండే స్థితిలో దాచొద్దు, పట్టు పోతుంది. ముక్కలు జారడానికి వేసే పౌడరు గిమ్మిక్‌కు తగలనివ్వొద్దు. టేపు కిందికి చేరితే అతుకు ఊడిపోతుంది.

ప్రశ్న: మనసులో అనుకున్న ముక్క ఒక్కటే తిరగబడి కనిపించే కట్ట నా దగ్గర ఉంది. ముక్కలు ఇప్పుడు విడిపోతున్నాయి. కొత్తది కొనాలా? (తార్నాక)

జవాబు: అక్కర్లేదు. అమెరికా మెజీషియన్ జో బర్గ్ 1930లలో రూపొందించిన ఆలోచన మీద నడిచే కట్ట అది. ముక్కలు రెండేసి జతలుగా అంటుకుని ఒక్క ముక్కలా కదలడానికి పూసిన గరుకు పూత చేతి చెమటకు, రాపిడికి అరుగుతుంది. చిత్రకళా సామగ్రి అమ్మే చోట బొమ్మలకు కొట్టే మ్యాట్ స్ప్రే దొరుకుతుంది. ముందుగా జతలను వరస తప్పకుండా పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసుకోండి. ఏ వైపులు ఒకదానికొకటి ఆనుతాయో ఆ వైపులే పైకి వచ్చేలా పరవండి. అడుగు దూరం నుంచి పలచగా ఒక పూత కొట్టి, బాగా ఆరాక ఇంకొకటి కొట్టండి. దగ్గర నుంచి దట్టంగా కొడితే ముక్కలు అసలే విడవవు. రెండోవైపు తుంపర పడితే ఆ జత పక్క జతకు అంటుకుని కట్ట పాడవుతుంది. ముందు పనికిరాని రెండు ముక్కల మీద ప్రయోగించి, వేలితో తేలిగ్గా తోస్తే కలిసి కదలాలి, కొంచెం వత్తిడి తగ్గిస్తే విడిపోవాలి, అలా ఉందో లేదో చూసుకోండి. వాన పడుతున్న రోజు ఈ పని పెట్టుకోవద్దు, తేమకు పూత తెల్లగా పాలిపోతుంది.