డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఎల్ఫ్ తీసుకున్నా డెక్స్‌టెరిటీ (చురుకుదనం స్కోరు) 15 దగ్గరే ఆగిందా?

మీ రోగ్ (దొంగ తరహా పాత్ర)కి ఎల్ఫ్ జాతి పెట్టినా డెక్స్‌టెరిటీకి +2 ఎందుకు రాలేదని అడిగారు. ఆ +2 పాత 2014 రూల్. మీ దగ్గరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 పుస్తకంలో జాతి వల్ల స్కోర్లు పెరగవు, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) వల్ల పెరుగుతాయి. మీ రోగ్‌కి పెట్టిన సేజ్ (పండితుడు) బ్యాక్‌గ్రౌండ్‌లో డెక్స్‌టెరిటీ లేనే లేదు.

1. సేజ్ తీసేసి క్రిమినల్ పెట్టండి. ఇందులో డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం), ఇంటెలిజెన్స్ ఉంటాయి.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: బ్యాక్‌గ్రౌండ్ పేరు రాసి వదిలేస్తారు. ఆ మూడింటిలో ఒకదానికి +2, ఇంకోదానికి +1 మీరే కలపాలి. కావాలంటే మూడింటికీ తలా +1 వేసుకోవచ్చు. మీ 15కి +2 వేస్తే 17, మాడిఫైయర్ (పాచిక అంకెకు కలిపేది) +3. కాన్‌స్టిట్యూషన్ 13 అన్నారు కదా, మిగిలిన +1 అక్కడ వేయండి. 14 అవుతుంది, ఒకటో లెవెల్‌లోనే ఒక హిట్ పాయింట్ (ప్రాణశక్తి) ఎక్కువ.

3. క్రిమినల్‌తో వచ్చే అలర్ట్ ఫీట్ (ప్రత్యేక సామర్థ్యం) కూడా పాత్ర షీట్‌లో రాయండి. ఇనీషియేటివ్‌కి (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే పాచికకి) ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే బోనస్) కలుస్తుంది.

దొంగ కథ ఇష్టం లేకపోతే వేఫేరర్ బ్యాక్‌గ్రౌండ్ చూడండి, అందులోనూ డెక్స్‌టెరిటీ ఉంది. కథ నచ్చకపోతే ఆట నడవదు, కాబట్టి అంకెల కోసమే ఎంచుకోకండి.

ఎల్ఫ్‌ని మాత్రం మార్చొద్దు. వుడ్ ఎల్ఫ్ (ఎల్ఫ్‌లలో ఒక రకం) వేగం 35 అడుగులు, రోగ్‌కి అది చాలా పనికొస్తుంది.