అన్నదమ్ములూ, ఇంగ్లీషు బహువచనమూ

చిరంజీవికి,

నీ ఇంగ్లీషు కథ అందింది. కథ సంగతి మరో ఉత్తరంలో రాస్తాను. ఇవాళ ఒక్క అక్షరం గురించే. మాట చివర నువ్వు తగిలిస్తున్న ఎస్ కాగితం మీద కొన్నిచోట్ల ఎక్కువైంది, కొన్నిచోట్ల తక్కువైంది. ఫోన్లో చదివి వినిపించావు చూడు, అప్పుడు మాత్రం అన్నిచోట్లా ఒకేలా 'స్' అని పలికింది. అసలు చిక్కు అదే.

నన్ను చూసి నవ్వినా ఫరవాలేదు, నా అవస్థ చెబుతాను. నా మొదటి ఇంగ్లీషు కథను ఒక సభలో చదివాను. 'ఆమె కళ్ళు కరిగాయి' అని ఒక వాక్యం. కళ్ళను 'ఐజ్' అనాలి, నేను 'ఐస్' అన్నాను. ముందువరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె దగ్గరున్న మంచుగడ్డ కరిగిందనుకున్నారు పాపం. కథలో అది ఏడుపు ఘట్టం!

బడిలో పరుషాలు, సరళాలు వల్లించాం కదా. అన్న, తమ్ముడు కలిస్తే 'అన్నతమ్ములు' అనం, 'అన్నదమ్ములు' అంటాం. అటూ ఇటూ గొంతు మోగుతున్న ధ్వనుల మధ్య పడి 'త' కూడా మోగి 'ద' అయింది. ఇంగ్లీషు బహువచనంలో జరిగేదీ ఇలాంటిదే. మాట క, ట, ప, ఫ లాంటి మోగని ధ్వనితో ముగిస్తే ఎస్సును 'స్' అనాలి: బుక్స్, క్యాట్స్, కప్స్. గ, డ, బ, వ, మ, న, ల ధ్వనులతో గానీ అచ్చుతో గానీ ముగిస్తే 'జ్': డాగ్‌జ్, పెన్‌జ్, బాయ్‌జ్. రాతలో రెండింటికీ ఎస్సే, అందుకే కన్ను మోసపోతుంది.

ఈ 'జ్' మన జీవుడిలోని 'జ' కాదు. జడలోని 'జ' కాస్త దగ్గర, అయినా అదీ కాదు. గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి 'స్స్స్' అను, ఏమీ తెలియదు. ఆ నాలుకను కదపకుండానే గొంతు మోగించు. తుమ్మెద ఝుమ్మన్నట్టు వేళ్ళకు తగులుతుంది. అదే.

మాట చివరే స, జ, ష, చ లాంటి బుసబుసల ధ్వని ఉంటే దాని మీద మరో బుస నిలవదు. మధ్యలో చిన్న ఇకారం దూరుతుంది: బస్సిజ్, చర్చిజ్, పేజిజ్. రాతలో ఇ-ఎస్ ఎక్కువగా చేర్చేది ఇక్కడే. మాట చివర ఇ అక్షరం ముందే ఉంటే ఎస్ ఒక్కటి చాలు, నోట్లో మాత్రం ఒక పలుకు పెరుగుతుంది. నువ్వు 'స్టమక్' మాటకు ఇ-ఎస్ పెట్టావు. చివర సి-హెచ్ కనబడింది కదా అని పెట్టి ఉంటావు. పలికేది 'క', కాబట్టి ఎస్ ఒక్కటే.

1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకు లేని జీవి బొమ్మ చూపించి, దాని పేరు 'వగ్' అంది. ఇలాంటివి రెండుంటే ఏమంటారని అడిగితే చాలామంది పిల్లలు 'వగ్‌జ్' అన్నారు. ఎన్నడూ వినని మాట అది. వాళ్ళకు సూత్రం ఎవరు నేర్పారు?

ఎదురుతిరిగే మాటలకూ కారణాలున్నాయి. మన 'పులి'కి 'లు' చేరగానే ఆ ఉకారం వెనక్కి లాగి 'పులులు' చేసింది. 'ఫుట్' 'ఫీట్' కావడమూ ఆ తంతే. ఎప్పుడో వెయ్యేళ్ళకు పూర్వమే చివరనున్న ఇకారం లోపలి అచ్చును తనవైపు లాగి, తర్వాత తాను రాలిపోయింది. 'చిల్డ్రన్' కథ ఇంకా తమాషా. పాతకాలంలో ర-కారంతో అప్పటికే బహువచనమైన మాటకు 'ఎన్' అనే రెండో తోక పెట్టారు. నువ్వు ఎస్ చేర్చి మూడోది కూడా పెట్టావు! 'విమెన్' మాటలో రాత మారేది రెండో అచ్చులో, పలుకు తేడా తెలిసేది మొదటి అచ్చులో. 'వుమెన్' అనకు.

'నైఫ్' 'నైవ్‌జ్' అవుతుంది, 'రూఫ్' మామూలుగా 'రూఫ్స్' గానే ఉంటుంది. పొటాటోకు ఇ-ఎస్, ఫొటోకు ఎస్. వీటికి నిఘంటువే దిక్కు, నేనూ ఇప్పటికీ తిరగేస్తాను. హల్లు తర్వాత వై వస్తే అది ఐ-ఇ-ఎస్ అవుతుంది, అచ్చు తర్వాత వస్తే కదలదు. మనుషుల పేర్ల జోలికి మాత్రం వెళ్ళకు. మూర్తిగారి కుటుంబమంతటినీ చెప్పాలన్నా వై అలాగే ఉంచి ఎస్ పెట్టు. నడుమ కొమ్ములాంటి ఆ అపాస్ట్రఫీ గుర్తు పెట్టావంటే అర్థం 'మూర్తిగారిది' అయిపోతుంది.

'ఫర్నిచర్స్', 'అడ్వైసెస్' రెండూ కొట్టేశాను. పాలు, నీళ్ళు మనకెప్పుడూ బహువచనమే, ఇంగ్లీషువాళ్ళు వాటిని లెక్కపెట్టరు. ఫర్నిచరూ అంతే.

కథ మళ్ళీ గట్టిగా చదివి, రికార్డు చేసి పంపు. అన్నట్టు, నీ తెలుగు కథలో 'షూస్‌లు' అని ఉంది. దాన్ని 'బూట్లు' చేశాను. అదీ ఇంగ్లీషు మాటే, కానీ మన 'లు' తొడుక్కుని చాలాకాలమైంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు